గేజీ పుస్తకం

ముప్పైమూడేళ్లు లాకు దగ్గర లస్కరుగా
నీటిమట్టం రాసినవాణ్ణి.
పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి
రాతిగోడ మీది తెల్లగీతలు చదివి
అడుగులూ, అంగుళాలూ.
రిటైరయ్యాక మిగిలిపోయిన పేజీల్లో
ఇవాళ నా ఎడమ భుజం గురించి రాస్తున్నాను.

బుధవారం. పాలకొల్లు.
సూది వేసిన పిల్ల పేరు దీవెన.
"ఏ చెయ్యి ఇస్తారు తాతగారూ?" అంది.
కుడిచెయ్యి తలుపుల చక్రం తిప్పిన చెయ్యి,
దాన్నడగడానికి మొహమాటం వేసింది.
ఎడమది ఇచ్చాను.
చీమ కుట్టినంత.
"ఇంతేనా?" అన్నాను.
"రేపు చెప్పండి" అని నవ్వింది.
నొప్పి, ఎరుపు, వాపు, నీరసం,
తలనొప్పి, చలిజ్వరం, కొందరికి వికారం.
కాలవ కట్టేసే తారీఖులు చదివినట్టు చదివి
"రెండు మూడు రోజులేనండి, వాటంతటవే పోతాయి.
ఊపిరాడకపోయినా, మొహం వాచినా మాత్రం
తెల్లారనివ్వకండి, వచ్చెయ్యండి" అంది.

రాత్రి ఎనిమిది.
సూది దిగినచోట రూపాయి బిళ్లంత ఎరుపు.
తాకితే, అప్పుడే దింపిన పాలగిన్నె.

రాత్రి రెండు.
వైశాఖంలో చలి!
ఫ్యాను ఆపి, దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా
పళ్లు టకటకా,
వరదనాడు తలుపు చెక్కలు కొట్టుకున్నట్టు.
కండ కండకీ తాడు కట్టి
నిండు పడవని ఎదురునీట లాగించినట్టు.
థర్మామీటరు నూటొకటి.
పుస్తకంలో ఎక్కించాను, నీలం సిరాతోనే.
ఎర్ర సిరా మూడో హెచ్చరికకి.

నిద్ర రాక ఏసుపాదం గుర్తొచ్చాడు.
నా తరవాతి డ్యూటీ వాడిది.
ఓ ఏడు కుడి డొక్క కింద సర్పి లేచింది.
కుమ్మరాయన జేగురు తడిపి
చుట్టూ పాము బొమ్మ గీశాడు,
తలా తోకా కలవకుండా.
పొక్కులు మాడాయి. నొప్పి మాడలేదు.
ఏడాదిన్నర
చొక్కా గుడ్డ తగిలినా, కాలవ గాలి తగిలినా
గది వెనక్కెళ్లి గోడకి నుదురు ఆనించి నిలబడేవాడు.
చిన్నప్పటి ఆటలమ్మేనట అది,
కాలవ ఎండినా బురదలో ఊపిరి బిగబట్టే మట్టగిడసలా
నరం మొదట్లో యాభయ్యేళ్లు పడుకుందట.

గురువారం.
బనీను తలమీంచి సగమే దిగింది.
తలా ఒక చెయ్యీ లోపల, ఎడమ చెయ్యి బయట.
అప్పుడే గ్యాసు సిలిండరు కుర్రాడు.
లాగి సర్ది "దెబ్బ తగిలిందాండి?" అన్నాడు.
"టీకా."
"అది చంటిపిల్లలకి కదండి!"
సిలిండరు వాడే లోపల పెట్టి వెళ్లాడు.
చారన్నం సయించలేదు.
పారాసిటమాల్ వేసుకుని
మధ్యాహ్నమంతా పడుకున్నాను,
సెలవు పెట్టకుండా ఇంత నిద్ర జన్మలో ఎరగను.

శుక్రవారం. జ్వరం లేదు.
వాపు తగ్గింది, నొక్కితే ఉంది.
సాయంత్రం గట్టు మీదకి నడిచాను.
కాలవకి కొత్తనీరు వదిలారు.
ముందు నురుగు, కొబ్బరి డొక్కలు, ఓ చెప్పు,
నెర్రెల్లోంచి బుడబుడా బుడగలు.
మొదటి నీరు ఎప్పుడూ ఇలాగే వస్తుంది,
అరుస్తూ, మురికిగా.
దాన్ని చూసి కాలవకి జబ్బు చేసిందని
ఎవడూ అనగా వినలేదు.

ఆదివారం. మట్టం మామూలు.
రెండో డోసు శ్రావణంలో, వరద రోజుల్లో.
పెన్షను అరియర్సులో దాని డబ్బు
విడిగా కవరులో పెట్టాను.

పేజీ అడుగున రెండు గడులుంటాయి.
డ్యూటీ ఇచ్చినవారు: నా సంతకం పెట్టాను.
తీసుకున్నవారు:
అక్కడ ఏసుపాదం సంతకం ఉండేది,
దీర్ఘం పేజీ అంచు దాకా లాగేవాడు.
ఒకసారి వచ్చి తగ్గినవాళ్లు కూడా
డాక్టర్నడిగి వేయించుకోవచ్చని దీవెన చెప్పింది.
వాడు నమ్మడు.
జ్వరం అంకెలతో సహా చూపిస్తే నమ్ముతాడు,
మట్టం పుస్తకం అబద్ధం చెప్పదని వాడికి తెలుసు.

రేపు ఆచంట బస్సెక్కుతాను.
పుస్తకం
ఎడమ చంకలోనే పెట్టుకుంటాను.